తుపాకీలో అక్షింత

మా ఇంట్లో ఆదివారం పొద్దున టిఫిన్ గిన్నెలు తీసేశాక భోజనాల బల్ల మీదికి తుపాకీ వస్తుంది. ఈ మాట చెప్తే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత నేను నవ్వడం లేదని గమనించి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. అందుకని ఇప్పుడు ముందే చెప్పేస్తున్నాను. అది పోటీల్లో కాగితపు గురిని కొట్టే పిస్తోలు. లైసెన్సు ఉంది. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద ఉంటాయి. దాంతో నేను ఇంతవరకు గాయపరిచింది కాగితాన్నే, అదీ చాలాసార్లు అంచుల్లో.

నా ఉద్యోగం ఎర్రమంజిల్‌లో, ఒక ప్రభుత్వ ఆఫీసులో. ఇల్లు అమీర్‌పేటలో. మెట్రో మెట్లు దిగి ఇంటికొచ్చేలోపు చేతిలో కోచింగ్ సెంటర్ల కరపత్రాలు నాలుగైనా పడతాయి. నలభై దాటిన నన్ను చూసి కూడా కొత్త బ్యాచ్ మొదలవుతోందంటూ కాగితం అందిస్తారు. వాళ్ళలో ఒక్కరైనా నన్ను ఉద్యోగం వెతుక్కునే పిల్లననుకుంటున్నారేమోనన్న ఆశతో నేను వద్దనకుండా తీసుకుంటాను. మా ఆయన కూడా అలాంటి ఒక సెంటర్‌లోనే పాఠాలు చెప్తాడు. ఆయనకీ ఈ ఆశ సంగతి తెలియదు.

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఒకనాడు ఆఫీసులో ఎవరి మీదో అరిచి, ఆ అరుపు గొంతులో ఇంకా సగం మిగిలి ఉండగానే పంజాగుట్టలో బస్సు దిగి, చీరల దుకాణం కింద సెల్లార్‌లో ఉన్న ఎయిర్ పిస్తోలు క్లబ్బులోకి వెళ్ళాను. బోర్డు చాలా రోజులుగా చూస్తున్నదే. ఆ రోజు గుండు గోడకు తగిలింది, కోపం మాత్రం ఎటు పోయిందో తెలియలేదు. మర్నాడు కోపం లేకుండానే వెళ్ళాను. అలా కొన్నేళ్ళు సాగాక, లైసెన్సు కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగాక, అసలు పిస్తోలు ఇంటికొచ్చింది.

అది సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ ప్రతిసారీ మనమే నొక్కాలి, మిగతా పని అది చూసుకుంటుంది. తూటా పేలిన ఊపుకు పైనున్న స్లైడ్ వెనక్కి పోయి, తూటా ఖాళీ తొడుగును బయటికి విసిరి, ముందుకొస్తూ ఇంకో తూటాను ఎక్కించుకుంటుంది. అంత పని కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోవాలంటే లోపల మసి ఉండకూడదు, నూనె ఎక్కువ కాకూడదు, తక్కువా కాకూడదు. ఈ ఎక్కువ తక్కువల లెక్క నా ఒంటికి పడేది కాదు. నేను ఏ పని చేసినా అతిగా చేస్తాను.

మొదటి పోటీకి ముందు భక్తిగా నూనె పోశాను. మసి, నూనె కలిసి లోపల హల్వాలా తయారై, పోటీ మధ్యలో స్లైడ్ సగంలో నిలిచిపోయింది. మా కోచ్ పోలీసు ఆయుధాగారంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. దాన్ని విప్పి చూసి, నల్లటి జిడ్డు అంటిన వేలు నా ముందు పెట్టి, "మేడం, గిది పులిహోర కాదు. గింత నూనె ఎందుకు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో రెండో పోటీకి చుక్క నూనె లేకుండా వెళ్ళాను. ఈసారి పొడిగా పట్టేసింది. కోచ్ టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. రాష్ట్ర పోటీలకు వెళ్ళాలంటే ఒక స్కోరు ఉంటుంది, ఆ ఏడాదిలో ఒక్క మ్యాచ్‌లోనైనా దాన్ని దాటాలి. అంతే. కానీ అప్పటిదాకా నేను ఇంట్లో వాళ్ళకు ఏం కావాలో అదే నాకూ కావాలనుకుంటూ వచ్చినదాన్ని. ఇదొక్కటే నాకోసం నేను కోరుకున్నది. రెండు మ్యాచ్‌లు పోయాయి. ఆ ఏడాదికి మిగిలింది ఒక్కటి, అదీ దసరా వెళ్ళిన మర్నాడు.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. మాది కరీంనగర్ వైపు, వాళ్ళది భీమవరం వైపు. పెళ్ళైన కొత్తలో నేను అత్తమ్మా అంటే, 'అత్తయ్యగారూ' అనిపించాలని ఆవిడ చాలా ప్రయత్నించి మానుకుంది. మామయ్య పోయాక మా దగ్గరికే వచ్చేసింది. పిస్తోలు ఇంటికొచ్చిన రోజున ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆదివారాలు నేను దాన్ని బల్ల మీద విప్పుతుంటే పడకగదిలో తలుపేసుకుని కూర్చునేది. లోపల్నుంచి దగ్గు వినిపించేది, అది జలుబు దగ్గు కాదని ఇద్దరికీ తెలుసు.

ఒక ఆదివారం తలుపు తెరుచుకుంది. నూనె వాసనకు వచ్చిందట. పెళ్ళికి ముందు నుంచీ జాకెట్లు కుట్టిన మనిషి, కుట్టుమిషన్ నూనె వాసనకూ దీనికీ పెద్ద తేడా లేదు. బల్లకు దూరంగా నిలబడి చూసింది. తర్వాతి వారం కుర్చీ లాక్కుంది. ఆ పై వారం నేను పాత బనియన్ ముక్కలు పిస్తోలు గొట్టంలో దూర్చి నానా తంటాలు పడుతుంటే, పోగులు ఊడిపోయే బట్ట పనికిరాదని, లేచి వెళ్ళి బీరువాలోంచి మామయ్య నేత పంచె ఒకటి తెచ్చింది.

ఆ పంచెలను ఆవిడ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకసారి మా ఆయన పొరపాటున ఒకదానితో కారు అద్దం తుడిచి, రెండు రోజులు ఆవిడ చేతి కాఫీకి నోచుకోలేదు. అలాంటిది తనే కత్తెర పట్టి, రూపాయి బిళ్ళంత చదరపు ముక్కలుగా చకచకా కత్తిరించి నా ముందు కుప్ప పోసింది. ఆయనకి శుభ్రమంటే ఇష్టమని మాత్రం చెప్పింది. ఆ ముక్కలు గొట్టంలోంచి మెత్తగా వెళ్ళి నల్లగా బయటికొచ్చాయి, రెండోది బూడిద రంగులో, ఆ తర్వాతవి తెల్లగా వచ్చాయి.

అప్పటినుంచి అది ఇద్దరి పని అయింది. తూటా లేదని నేను ఒకసారి చూసి, ఆవిడకు చూపించి, ఆవిడ తల ఊపాకే విప్పేదాన్ని. కోచింగ్ కరపత్రాలు పరిచి, వాటి మీద వరసగా భాగాలు పెట్టేవాళ్ళం. బ్రష్ నాది, బట్ట ముక్కలు ఆవిడవి. నూనె సీసా మాత్రం ఆవిడ తన దగ్గరే ఉంచుకునేది, నా చేతికి ఇచ్చేది కాదు. స్లైడ్ జారే గాళ్ళలో సూదిమొనతో ఒక చుక్క పెట్టి, అదీ ఎక్కువైందేమోనని బట్టతో అద్దేది. ఈ పని మధ్యలోనే మేమిద్దరం మొదటిసారి తీరిగ్గా మాట్లాడుకున్నాం. వాళ్ళ ఊళ్ళో తన కుట్టుమిషన్ చప్పుడు విని ఎదురింటావిడ తన మనసు ఎలా ఉందో చెప్పేసేదని ఒకనాడు అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు, నిజమేనంది.

అన్నీ బిగించాక స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే ఠక్కుమని మూసుకుంటుంది. కోచ్ నాకు ఆ చప్పుడు వినమని ఎన్నిసార్లు చెప్పాడో. నా చెవికి ఎక్కలేదు. అత్తమ్మ చెవికి ఎక్కింది. ఆ ఠక్కు వినగానే, అన్నం ఉడికిందని తెలుసుకున్న మనిషిలా, "హమ్మయ్య" అని లేచేది.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు మా ఇంట్లో ఆయుధపూజ అంటే అత్తమ్మ కుట్టుమిషన్, నా స్కూటీ, మిక్సీ, మా ఆయన ల్యాప్‌టాప్. ముందు ఏడాది పూజలో ల్యాప్‌టాప్ మీటల మధ్య అక్షింతలు పడి, సంక్రాంతి దాకా ఒక మీట నొక్కితే కరకరమంది. అందుకని ఈసారి ఆయన దాన్ని మూసి, పైన ప్లాస్టిక్ కవరేసి మరీ దేవుడి ముందు పెట్టాడు. ఆ పక్కన, ఎర్ర పట్టు గుడ్డ మీద, అత్తమ్మ నా పిస్తోలుకు చోటు చూపించింది. అది అసలైన ఆయుధమని, మిక్సీ కన్నా ముందుండాలని ఆవిడ లెక్క. మొదట తలుపేసుకున్న మనిషి ఇలా అంటుంటే నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను.

కోచ్ నేర్పిన నియమం ఒకటుంది. తుపాకీని ఎక్కడైనా కింద పెడితే స్లైడ్ వెనక్కి లాగి, తెరిచే ఉంచాలి. లోపల తూటా లేదని దారిన పోయేవాడికి కూడా కనిపించాలి. దేవుడికైనా అదే నియమం. నేను అలాగే తెరిచి పెట్టాను. అత్తమ్మ గొట్టం మీద గంధం రాసి, కుంకుమ బొట్టు పెట్టి, నెయ్యి, పసుపు కలిపిన అక్షింతలు గుప్పెడు తీసుకుని, మంత్రం నోట్లోనే అనుకుంటూ అన్నింటి మీదా చల్లింది. స్కూటీ తాళం మీద, మిక్సీ మీద, ప్లాస్టిక్ కవర్ మీద, నా పిస్తోలు మీద. మిగిలిన నాలుగు గింజలు నా మీదా మా ఆయన మీదా వేసింది.

పూజలో పెట్టినవి దశమి దాకా కదపకూడదు. దశమి సాయంత్రం నేను బట్ట ముక్కలూ బ్రష్షూ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాను, మర్నాడు పొద్దున్నే మ్యాచ్. అప్పుడు ఆవిడ వచ్చి, ఇవాళ తుడవొద్దంది. మ్యాచ్ అయ్యాక తుడుచుకోమంది. అమ్మవారి ముందు పెట్టినదాన్ని పనికి తీసుకెళ్ళకముందే కడిగేస్తే దీవెన కడిగేసుకున్నట్టేనట.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నూనెతో ఒకసారి, నూనె లేక ఒకసారి పోయింది, ఇప్పుడు కుంకుమతో పోవాలా అని గట్టిగానే అన్నాను. ఆవిడ నా పక్కన కూర్చుని, తను ఎవరికోసమూ ఇంతగా మొక్కలేదని, ఈ ఒక్కసారికి తన మాట వినమని నెమ్మదిగా అడిగింది. నా మ్యాచ్ కోసం ఆవిడ మొక్కిందా? ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తర్వాత ఇంకేం అరుస్తాను? పైన కనిపించిన పూల రేకులు, గింజలు ఏరేశాను. గంధాన్ని పొడి బట్టతో తుడిచాను, కుంకుమ బొట్టు మాత్రం ఉంచాను. ఆవిడ సూదిమొనతో చుక్క నూనె పెట్టింది. విప్పకుండానే, స్లైడ్‌ను చేత్తో నెమ్మదిగా మూసి, పెట్టెలో పెట్టి తాళమేశాను. మనసులో ఒక మూల పీకుతూనే ఉంది.

పొద్దున ఆవిడ వంటింట్లో పెసరట్టు వేస్తోంది. నేను బయల్దేరే ముందు పిస్తోలు ఖాళీగా ఉందని ఇంకోసారి చూసుకుని, స్లైడ్ వదిలాను. పెట్టెలో పెట్టబోతుంటే వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అట్లకాడ చేత్తో పట్టుకునే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"దాని గొంతేంటి అలా ఉంది?"

"ఎట్లుంది? మంచిగనే ఉంది అత్తమ్మా."

"మంచిగా లేదు. ఇంకోసారి వెయ్యి."

వేశాను. నాకైతే ఎప్పటిలాగే వినిపించింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఠక్కుమనాల్సింది మెత్తగా అంటోందట, తలుపు సందులో గుడ్డ పడితే మూసుకున్నట్టు. కింద మా ఆయన కారు తీసి హారన్ కొడుతున్నాడు. మెట్రోలో తుపాకీ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఆ రోజు నాకు డ్రైవరు ఆయనే.

"విప్పమ్మా," అంది.

"మీరే గద నిన్న విప్పొద్దన్నరు."

"అన్నాను. ఇవాళ నేనే విప్పమంటున్నాను."

ఆ మాట అనడం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు. పెసరట్టు మాడుతున్న వాసన వస్తోంది, బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరం లేవలేదు. కరపత్రం పరిచి స్లైడ్ ఊడదీశాను. గాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. గొట్టం శుభ్రంగా ఉంది. ఆలస్యమవుతోందని నేను మళ్ళీ బిగించబోతే, ఆవిడ స్లైడ్‌ను నా చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి తిప్పింది. తూటా ఖాళీ తొడుగును పట్టి లాగే చిన్న కొక్కెం ఒకటుంటుంది స్లైడ్ ముఖాన. దాని కింద తన కుట్టుమిషన్ బ్రష్ పెట్టి ఒక్కసారి ఊడ్చింది. కరపత్రం మీద ఏదో రాలింది.

అక్షింత. ఒక వైపు పచ్చగా, ఒక వైపు నూనె అంటి నల్లగా, మధ్యలో కొంచెం నలిగి ఉంది. స్లైడ్ తెరిచి ఉండాలన్నది కోచ్ నియమం, అక్షింతలు చల్లాలన్నది ఆవిడ నియమం. రెంటినీ తు.చ. తప్పకుండా పాటించాం కాబట్టి గింజ అక్కడికి చేరింది.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. "నా చేత్తోనే వేశానమ్మా. ఇది అక్కడికెళ్ళాక ఆపేసుంటే?" అంది. నాకు ఆ క్షణాన ఆవిడ మీద వచ్చింది కోపం కాదు. నవ్వొచ్చింది, ఆ వెనకే కన్నీళ్ళొచ్చాయి, రెంటినీ ఆపుకోలేకపోయాను. ఎంతమంది కోడళ్ళ తుపాకీల గొంతు అత్తలకు తెలుస్తుంది?

కుర్చీలోంచి కిందికి దిగి ఆవిడ ముందు తల వంచాను.

"దీన్ని ఎక్కడ వెయ్యాల్నో అక్కడ వెయ్యండి అత్తమ్మా."

నూనె, మసి అంటిందని ఆవిడ ఒక క్షణం సందేహించింది. తర్వాత పంచె ముక్కతో ఆ గింజను తుడిచి, నా పాపిట్లో పెట్టి, పడిపోకుండా వేలితో అదిమింది. ఆవిడ చేతి నెయ్యి వాసన, నూనె వాసన రెండూ తగిలాయి. నేను స్లైడ్ బిగించి లాగి వదిలాను. ఠక్.

"హమ్మయ్య," అంది ఆవిడ, మాడిన అట్టు కోసం లేస్తూ.

ఊరి చివర మ్యాచ్ జరిగే షూటింగ్ రేంజ్‌కి ఆఖరి నిమిషంలో చేరాం. మా ఆయన దారంతా హారన్ మీదే చెయ్యి ఉంచాడు. చప్పుడు తగలకుండా చెవులకు మఫ్ పెట్టుకుంటుంటే పాపిట్లో గింజ తగిలింది. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను. నా సంగతీ మరిచిపోయాను. నొక్కడం, స్లైడ్ వెళ్ళి రావడం, మళ్ళీ చెయ్యి ఎత్తడం. మఫ్ ఉన్నా మణికట్టులోంచి ఆ ఠక్కు నాకు వినిపిస్తూనే ఉంది. కోచ్ ఇన్నాళ్ళూ చెప్పింది ఇదే కాబోలు. ఒక్క తూటా కూడా ఎక్కడా చిక్కుకోలేదు.

అయ్యాక మఫ్ తీస్తే గింజ జారిపోయింది. బల్ల మీద, కింద, కాళ్ళ దగ్గర వెతుకుతుంటే రేంజ్ ఆఫీసర్ వచ్చి, "ఏం పోయింది మేడం, తూటానా?" అని కంగారుగా అడిగాడు. అక్షింత అన్నాను. అతను నన్ను ఒకసారి చూసి, తనూ వంగి వెతికాడు. ఖాళీ తొడుగుల మధ్య అది దొరకలేదు. కోచ్ దూరంగా బోర్డు దగ్గర నిలబడి, నా స్కోరు కింద వేలు పెట్టి, రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. గీత దాటాను. ఒక్క పాయింటుతోనే కావచ్చు, దాటాను. మా ఆయన అక్కడే, అందరి ముందు ఈల వేశాడు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆయనకు ఈల వచ్చని నాకు తెలియదు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ తలుపు తీసి గుమ్మంలోనే నిలబడి ఉంది. స్కోరు అడగలేదు.

"ఎక్కడైనా ఆగిందా?"

"ఒక్కసారి సుత ఆగలే అత్తమ్మా. రాష్ట్ర పోటీలకు పోతున్న. మీరేసిన అక్షింతే పోయింది, ఎంత వెతికినా దొరకలే."

ఆవిడ నా పాపిట వైపు చూసింది. కళ్ళు తుడుచుకుని, నా చేతిలోంచి పెట్టె అందుకుంది.

"పోనీలేమ్మా. దాని పని అయిపోయిందిగా," అంది.

బల్ల మీద కరపత్రాలు అప్పటికే పరిచి ఉన్నాయి. పక్కన తెల్లటి పంచె ముక్కలు, సూది, నూనె సీసా. ఆ సీసా ఆవిడ ఆ రోజు మొదటిసారి నా చేతికిచ్చింది.